ఉడుతను చూసినా జూ చూసినట్టే

"అంత దూరం తీసుకెళ్తే వీడు పులినీ చూడలేదు, సింహాన్నీ చూడలేదు మేడమ్. చెట్టు కింద కూర్చుని ఉడుతను చూశాడు. ఇక చాలు, ఇంటికెళ్దాం అన్నాడు."

పిల్లల డాక్టరుగా ఈ కొన్నేళ్ళలో ఇలాంటి మాట చాలామంది తల్లిదండ్రుల నోట విన్నాను. జలుబుకో, టీకాకో వస్తారు. మందుల చీటీ తీసుకుని లేచాక, తలుపు దగ్గర ఆగి అడుగుతారు. అడిగేది జూ పార్కు గురించే అయినా, మనసులో ఉన్న దిగులు వేరు. కరోనా ఏడాది పుట్టిన పాప, లేదా అప్పటికి రెండు మూడేళ్ళున్న బాబు. నలుగురిలోకి తీసుకెళ్తే ముడుచుకుపోతున్నారు. మిగతా పిల్లలు కేరింతలు కొట్టే చోట వీళ్ళు చెవులు మూసుకుంటున్నారు. ఆ రెండేళ్ళు మన బిడ్డలో ఏమైనా తగ్గించేశాయా? ఈ ప్రశ్న నేరుగా అడగడానికి నోరు రాదు. అందుకే దాన్ని ఉడుత మీద పెట్టి అడుగుతారు.

ఆ దిగులు నాకు అర్థమవుతుంది. పులిని వదిలి ఉడుతను చూసినంత మాత్రాన పిల్లాడిలో ఏదో లోపం ఉన్నట్టు కాదు. అక్కడ ఏం జరిగిందో వాడి ఎత్తు నుంచి ఒకసారి చూద్దాం. పులి కందకానికి అవతల, పొద నీడలో పడుకుని ఉంది. చార కదిలితే తప్ప ఉందో లేదో తెలియదు. ఇవతల పిట్టగోడ, ఆ గోడకు ముందు వరసగా మనుషుల నడుములు. నాన్న ఎత్తుకుని "అదిగో, అదిగో" అంటున్నాడు. ఎటు చూడాలో వాడికి అంతు పట్టలేదు. కిందికి దించగానే చెట్టు వేరు పక్కన ఉడుత కనిపించింది. రెండు చేతులతో గింజ పట్టుకుని, తిప్పి తిప్పి కొరుకుతోంది. వాడు ఒక అడుగు వేస్తే కొరకడం ఆపింది. వాడు కదలకుండా నిలబడితే మళ్ళీ మొదలుపెట్టింది. ఇంకో అడుగు వేస్తే తోక విదిలించి చెట్టెక్కి, తలకిందులుగా ఆగి వాణ్ణి చూసింది. ఒక ప్రాణి తనను గమనించింది, తను చేసినదానికి బదులిచ్చింది. జంతువు ఎంత పెద్దది, ఏ దేశం నుంచి తెచ్చారు అన్నది మన లెక్క. అది నన్ను చూసిందా లేదా అన్నది వాళ్ళ లెక్క.

ఆ మాటకొస్తే, బదులిచ్చే ప్రాణుల కరువు ఆ పిల్లలకు బాగా తెలుసు. 2020, 2021 మనకు ఒక గండం. అంతకుముందు ముప్ఫై, నలభై ఏళ్ళ జీవితం ఉంది కాబట్టి, గండం గడిస్తే పాత జీవితం మళ్ళీ వస్తుందని మనకు తెలుసు. రెండేళ్ళ పిల్లకు ఆ ముందు జీవితమే లేదు. గడప దాటకూడదు, ఎవర్నీ ముట్టుకోకూడదు, ఎవరైనా దగ్గరికొస్తే వెనక్కి జరగాలి. ఈ మూడూ మనమే నేర్పాం. ప్రాణాలు కాపాడుకోవడానికి నేర్పాం, అవసరమైనదే నేర్పాం. లిఫ్టులో కనిపించే మొహాలన్నీ మాస్కుతో సగం కప్పే ఉండేవి. మూతి కనపడకపోతే ఎదుటివాళ్ళు నవ్వుతున్నారో కోప్పడుతున్నారో పసిపిల్ల ఎలా పోల్చుకోవాలి? అటువంటి పిల్లను ఒక ఆదివారం పూట వేలమంది మధ్యలో నిలబెట్టి "భయమెందుకురా, అందరూ ఆడుకుంటున్నారు కదా" అంటాం. మనం నేర్పిన పాఠాన్ని పిల్ల శ్రద్ధగా నేర్చుకుంది. దాన్ని మరిచిపోవడానికి కొంత వ్యవధి కావాలి. పిల్లలు మరిచిపోతారు కూడా. చాలామంది అప్పుడే మరిచిపోయారు. ఇంకా వెనకాడుతున్న పిల్లలు తమ పద్ధతిలో, తమ వేగంతో వస్తున్నారంతే.

ఫోను సంగతి చెప్పుకోకుండా ముందుకెళ్ళలేం. ఒక గదిలో నాన్న ఆఫీసు మీటింగు, ఇంకో గదిలో అక్క ఆన్‌లైన్ క్లాసు, వంటింట్లో అమ్మ. ఆ ఇంట్లో రెండేళ్ళ పిల్లాడి చేతికి ఫోను రాకుండా రోజెలా గడుస్తుంది? అప్పుడు ఇచ్చినందుకు ఎవరూ తమను తాము నిందించుకోవద్దు. కానీ స్కూళ్ళు తెరిచారు, ఆఫీసులు తెరిచారు, ఫోను మాత్రం పిల్లాడి చేతిలోనే ఉండిపోయింది. రెండేళ్ళలోపు పిల్లలకు తెర అసలు వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ళ మధ్య రోజుకు గంటకు మించకూడదనీ మన పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, చెబుతోంది. ఆ ఫోనులోని ఏనుగు అరచేతిలో ఇమిడిపోతుంది. వేలు తగిలిస్తే ఘీంకరిస్తుంది, వద్దనుకుంటే పక్కకు పోతుంది. జూలో ఏనుగు అలా కాదు. దగ్గరికి వెళ్ళేలోపే వాసన వస్తుంది. చెవి ఊపితే ఈగలు లేస్తాయి. చర్మం మీద మడతలు, మడతల్లో మట్టి, మోకాళ్ళ దగ్గర గరుకు వెంట్రుకలు. అది మన మాట వినదు. అటు తిరిగి నిలబడితే వెనక భాగమే చూసి రావాలి. ఆ మొదటి నిమిషాల్లో పిల్లాడు ముక్కు మూసుకుని అమ్మ భుజంలో తల దూర్చాడంటే, వాడికి ఏనుగు నచ్చలేదని కాదు. నిజమైన ఏనుగు ఇంత ఉంటుందని వాడి ఒళ్ళు మొదటిసారి తెలుసుకుంటోంది. ఆ సమయంలో మనం చేయాల్సింది ఏమీ లేదు. భుజం మీద తల అలాగే ఉండనివ్వాలి. తల తిప్పి ఒక కన్నుతో చూసేది వాడే.

కరోనా కాలంలో జూలోని ప్రాణులకు ఏం జరిగిందో పిల్లలకు చెప్పడం నాకు ఇష్టం, వినడం వాళ్ళకు ఇంకా ఇష్టం. 2020 మార్చిలో దేశమంతా తాళాలు పడినప్పుడు హైదరాబాదు నెహ్రూ జూ పార్కుకూ పడింది. 1963లో జనానికి తెరిచిన పార్కు అది. మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాలు. అంత చోటూ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. 2021 మే మొదట్లో, రెండో వేవ్‌లో, అక్కడి ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా సోకినట్టు హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ పరీక్షల్లో తేలింది. మన దేశంలో జంతువులకు సోకినట్టు బయటపడడం అదే మొదలు. దగ్గు, ముక్కు కారడం, అన్నీ మనకు వచ్చినవే. విడిగా ఉంచి వైద్యం చేశారు, ఎనిమిదీ కోలుకున్నాయి. ఈ కథ చెబితే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, "సింహానికి కూడా ముక్కులో పుల్ల పెట్టారా?" అని. ఆ పుల్లకు ఏడ్చిన పిల్లలకు అది పెద్ద ఓదార్పు. అంత పెద్ద సింహానికీ ఆ తిప్పలు తప్పలేదు.

టోక్యోలోని సుమిదా ఆక్వేరియంలో ఇంకో చిత్రం జరిగింది. అక్కడ ఇసుకలో నిలువుగా నాటినట్టుండే గార్డెన్ ఈల్స్ అనే సన్నటి చేపలు మూడు వందల దాకా ఉన్నాయి. రోజూ జనాన్ని చూసి అలవాటుపడి, ఇసుకలోంచి తలలు బయటపెట్టి నిలబడేవి. జనం రావడం ఆగిపోయాక మనుషులంటే ఏమిటో మరిచిపోయినట్టయ్యాయి. సిబ్బంది అటుగా నడిస్తే చాలు, ఇసుకలోకి దూరిపోయేవి. ఇలాగైతే చేపలు ఆరోగ్యంగా ఉన్నాయో లేదో చూడడమే కష్టమని, 2020 మేలో వాటి తొట్టి ముందు ఫోన్లు, ట్యాబ్లెట్లు వరసగా నిలబెట్టి, వీడియో కాల్ చేసి మీ మొహాలు చూపించండని జనాన్ని అడిగారు. గట్టిగా అరవొద్దు, చేయి మాత్రం ఊపండి అని కూడా చెప్పారు.

ఇంగ్లండులో రెండు విశ్వవిద్యాలయాల వాళ్ళు జూలు మూసి ఉన్నప్పుడూ, మళ్ళీ తెరిచాకా కొన్ని జంతువుల్ని గమనించారు. జనం తిరిగొచ్చాక గొరిల్లాలు, బొనోబోలు ఒంటరిగా గడపడం తగ్గింది. గొరిల్లాలు విశ్రాంతి కూడా తగ్గించాయి. చింపాంజీలు తిండి మీద ఎక్కువ ధ్యాస పెట్టాయి. సఫారీ పార్కులో బబూన్ కోతులు సందర్శకుల కార్ల దగ్గరికి రావడం పెరిగింది. అంటే ఒకే మార్పుకు ఒక్కో జాతి ఒక్కో రకంగా స్పందించింది. అందులో ఏది మంచికి, ఏది చెడుకు అన్నది చూసినవాళ్ళకే తేల్చడం కష్టమైంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన ఇంట్లోనే ఒక కడుపున పుట్టిన అక్కాతమ్ముళ్ళు అంతే వేర్వేరుగా ఉంటారు. అక్క గేటు దాటగానే పరుగు తీస్తుంది. తమ్ముడు గేటు దగ్గరే కూలబడతాడు. ఆ టోక్యో చేపల్ని చూసి ముచ్చటపడతాం, మళ్ళీ అలవాటయ్యేదాకా ఓపిక పడతాం. ఆ ఓపికలో సగం తమ్ముడి మీద చూపించగలిగితే ఎంతో బాగుండును.

ఇక మన ఆదివారం గురించి కొంచెం కష్టమైన మాట. జూలు తెరిచాక మనందరిలో ఒక ఆత్రం బయల్దేరింది. రెండేళ్ళు పిల్లలకు ఏమీ చూపించలేకపోయాం, ఆ బాకీ తీర్చేయాలి. పొద్దున్నే బయల్దేరి, సఫారీ, టాయ్ ట్రెయిన్, పాములు, పక్షులు, సీతాకోకచిలుకలు, అన్నీ సాయంత్రం లోపు. 380 ఎకరాలు పెద్దవాళ్ళ కాళ్ళకే భారం. విస్తరి నిండా వడ్డించి తొందరపెడితే పిల్లలు ఏదీ తినకుండా లేస్తారని మనకు తెలుసు. జూ దగ్గర మాత్రం ఆ సంగతి మరిచిపోతాం. ఖడ్గమృగం ముందు పాప ఇంకా నోరు తెరిచి చూస్తూనే ఉంటుంది, చేయి పట్టుకుని "పద పద, జిరాఫీ దగ్గర రద్దీ లేదు" అంటాం. అప్పుడు పాప ఏడిస్తే మొండితనం అంటాం. మధ్యలో ఫోటోల పని ఒకటి. పులి వెనక, పాప ముందు. ఫోటో బాగా రావాలంటే పాప పులికి వీపు పెట్టి నిలబడాలి. ఎంత ప్రేమతో తీస్తున్నా, పాప ఆ పులిని చూడగలిగిన ఆ కాస్త సమయమూ కెమెరా వైపు నవ్వడానికే సరిపోయింది.

జూలు నడిపేవాళ్ళు సందర్శకుల తృప్తి ఎంతో తెలుసుకోవడానికి ప్రశ్నలు వేస్తుంటారు. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయా, తాగునీళ్ళు దొరికాయా, నీడ ఉందా, నడవలేనివాళ్ళకు బ్యాటరీ బండి ఉందా, జంతువులు కనిపించాయా. అడగాల్సిన ప్రశ్నలే. కానీ జవాబులు చెప్పేది పెద్దవాళ్ళం. నాలుగేళ్ళ పిల్లను అడిగితే లెక్క వేరుగా వస్తుంది. అమ్మ ఎన్నిసార్లు కసురుకుంది, బాత్రూం వస్తోందని చెప్పాక ఎంతసేపు ఆపుకోవాల్సి వచ్చింది, ఆకలేసినప్పుడు తినడానికి ఏమైనా దొరికిందా, కాళ్ళు నొప్పి పుడితే ఎవరైనా ఎత్తుకున్నారా. ఇవి సరిగ్గా ఉన్నాకే జిరాఫీ అందంగా కనిపిస్తుంది. అందుకే నేను అమ్మానాన్నలకు చెప్పేది, వీలైతే ఆదివారం, పండగ సెలవులు వదిలిపెట్టి మామూలు రోజున, గేటు తెరిచే వేళకు వెళ్ళమని. ఎండ ఎక్కక ముందు జంతువులూ హుషారుగా ఉంటాయి, పిల్లలూ ఉంటారు. ఏం చూడాలో మూడో నాలుగో ముందు రోజు రాత్రి పిల్లల్నే ఎంచుకోమనండి. మిగిలినవి మిగిలిపోనివ్వండి.

మళ్ళీ మళ్ళీ వెళ్ళే స్తోమత అందరికీ ఉండదని నాకు తెలుసు. నల్లగొండ నుంచో, నారాయణపేట నుంచో రోజు కూలి వదులుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని, చద్దిమూట కట్టుకుని వచ్చే కుటుంబాలు ఎన్నో. వాళ్ళకు ఇది ఏడాదికి ఒక్కసారి, ఒక్కోసారి బాల్యం మొత్తానికి ఒక్కసారి. "మిగతాది వచ్చే వారం చూసుకోండి" అని వాళ్ళకు చెప్పడం నాకు సాధ్యం కాదు. వాళ్ళకు చెప్పేది ఒకటే. నడుమ రెండు చోట్ల తీరుబడిగా కూర్చోండి. చెట్టు నీడ చూసుకుని తినండి. ఆ కూర్చున్న చోట పిల్లలు చూసే ఉడుత, నెమలి, చీమల బారు కూడా మీ డబ్బుకు వచ్చినవే. పిల్లలకు తరవాత గుర్తుండేది చాలాసార్లు అందరం కలిసి కూర్చుని తిన్న ఆ కాసేపే.

సింహం నిద్రపోతోందని పిల్లలు నిరాశపడటం సహజం. సింహాలు రోజులో ఇరవై గంటల దాకా పడుకునే గడుపుతాయి. అడవిలోనూ అంతే. మన కోసం లేవడం దాని పని కాదు. అయినా ప్రతి సింహం ముందూ ఎవరో ఒకరు ఈల వేస్తారు, గోడ మీద చరుస్తారు, "హోయ్, లే" అని కేకేస్తారు. చుట్టూ నవ్వులు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జూలో జంతువుల్ని ఏడిపించడం, అరుపులతో బెదరగొట్టడం, తిండి పెట్టడం నేరం. చట్టం సంగతి అలా ఉంచి, పక్కన నిలబడ్డ నాలుగేళ్ళ పిల్లాడు ఏం నేర్చుకుంటున్నాడో ఆలోచిద్దాం. ఎదురు తిరగలేని ప్రాణిని మన సరదా కోసం లేపవచ్చు, అది లేవకపోతే మనకు కోపం రావచ్చు. రేపు వాడు నిద్రపోతున్న చెల్లెల్ని గిల్లి లేపితే మనకు ఆశ్చర్యం కలగకూడదు. ఆ గుంపులో మనం చేయగలిగింది చిన్నదే అయినా బలమైనది. పిల్లాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, గొంతు తగ్గించి, "దాని పొట్ట చూడు, ఎలా పైకీ కిందికీ కదులుతోందో" అనండి. నిద్రపోయే సింహంలో చూడటానికి బోలెడంత ఉంటుంది. పంజా కింద మెత్తటి నల్ల దిండు, ఈగ వాలితే ఉలిక్కిపడే చెవి. గొంతు తగ్గించాలన్న సంగతి పిల్లలు మనం చెప్పకుండానే పట్టేస్తారు.

ముడుచుకుపోయే పిల్లలకు నాకు ఎంతో నచ్చిన చోటు నెహ్రూ జూలోని నిశాచర జంతువుల ఇల్లు. 1982లో కట్టారు, దేశంలో అటువంటిది అదే మొదటిదంటారు. లోపల పగలును రాత్రి చేస్తారు. రాత్రంతా దీపాలు వెలిగించి, పగలు చీకటి చేసేస్తారు. అందువల్ల దేవాంగపిల్లి, గబ్బిలాలు, గుడ్లగూబలు మనం వెళ్ళేసరికి తమ రాత్రి మొదలైందనుకుని తిరుగుతుంటాయి. లోపలికి అడుగుపెట్టగానే పిల్లలు మన చేయి గట్టిగా పట్టుకుంటారు. ఇక్కడ ఫోను టార్చి వేయొద్దు. వేస్తే జంతువులకు ఇబ్బంది, పిల్లల కళ్ళూ చీకటికి అలవాటు పడవు. భయపడితే ఒత్తిడి చేయకుండా బయటికి తీసుకొచ్చేయండి. కాసేపాగి "మళ్ళీ వెళ్దామా, గుమ్మం దాకా?" అని అడగండి. లోపల రెండు నిమిషాలు నిలబడగలిగితే, నల్లగా కనిపించిన చోట మెల్లగా ఒక కొమ్మ కనిపిస్తుంది, కొమ్మ మీద రెండు గుండ్రటి కళ్ళు కనిపిస్తాయి. "నేనే ముందు చూశాను" అంటుంది పాప. ఎవరూ చూపించకుండా తను చూసింది. ఆ రోజంతటిలో ఆ పిల్లకు అంతకన్నా పెద్ద తృప్తి ఉండదు.

కొందరు పిల్లలు మాత్రం బోను దగ్గరే ఆగిపోతారు. "దీనికి లాక్‌డౌన్ ఎప్పుడు అయిపోతుంది?" అని అడిగిన పిల్లలున్నారు. ఆ ప్రశ్న విని మనం తడబడతాం. నవ్వేసి దాటవేస్తాం, లేదంటే "దానికి ఇక్కడే హాయిగా ఉందిలే" అంటాం. ఇంట్లో బందీ కావడం ఎలా ఉంటుందో విన్న, చూసిన, అనుభవించిన తరం వీళ్ళది. హాయిగా ఉందని చెబితే నమ్మరు. నమ్మకపోగా, ఇలాంటివి అమ్మానాన్నలను అడగకూడదేమో అనుకుంటారు. తెలిసినంత నిజం చెబుదాం. జూలో ఉన్న సింహాల్లో చాలావరకు జూల్లోనే పుట్టినవి. వేటాడి బతకడం వాటికి తెలియదు, వదిలేస్తే బతకవు. అందుకే కనిపెట్టి చూసుకుంటున్నారు. అయినా అది బయట తిరిగితే బాగుండునని నీకు అనిపించింది చూడు, నాకూ అనిపిస్తుంది. ఇంత చెప్పినా పిల్లలు తట్టుకుంటారు. దీనికి తోడు మూషిక జింకల సంగతి కూడా చెప్పొచ్చు. మూడు కిలోలకు అటూ ఇటూ తూగే చిన్న ప్రాణి అది. అడవుల్లో తగ్గిపోతోందని సీసీఎంబీ వాళ్ళతో కలిసి నెహ్రూ జూలోనే దాని పిల్లల్ని పెంచారు. పెరిగినవాటిలో కొన్నిటిని నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు. కొన్ని తాళాలు తీయడం కోసమే వేస్తారని పిల్లలకు అర్థమవుతుంది. అన్నీ అలాంటివి కావన్న సంగతీ అర్థమవుతుంది. ఆ రెండో సంగతి దగ్గర పిల్ల కాసేపు బాధపడితే పడనివ్వండి. అది మంచి బాధ.

మొదట్లో తలుపు దగ్గర ఆగి అడిగిన ప్రశ్నకు ఇంకా పూర్తి జవాబు చెప్పలేదు. ఉడుత కథ చెప్పిన ప్రతి తల్లినీ నేను తిరిగి ఒకటి అడుగుతాను. "ఉడుతను చూసి వాడు మీ వైపు తిరిగాడా? వేలు పెట్టి చూపించాడా? అమ్మా చూడు అన్నాడా?" చాలామంది మొహం వెంటనే తేటపడుతుంది. "చూపించాడండీ, పది మాట్లు పిలిచాడు, నేనే పులి దగ్గరికి రమ్మని లాగాను." అలాగైతే నిశ్చింతగా ఉండమంటాను. తనకు ముచ్చటైనదాన్ని మనతో పంచుకోవాలనుకునే పిల్లాడు, జనంలో కాస్త బిడియపడ్డా, నెమ్మదిగా కలుస్తాడు.

కొందరు ఆలోచనలో పడతారు. ఎప్పుడూ చూపించడండీ, పేరు పెట్టి పిలిచినా తిరగడు, నాలుగేళ్ళు వచ్చినా రెండు మూడు మాటలే, ముందు వచ్చిన మాటలు కూడా పోయాయి అంటారు. "కరోనా పిల్లలంతా ఇంతే అన్నారు, స్కూల్లో వేస్తే సర్దుకుంటుందన్నారు" అని ఆగుతారు. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడలేను. ఇవి కరోనా ఖాతాలో వేసి ఊరుకోవాల్సిన లక్షణాలు కావు. ఒక జూ ప్రయాణాన్ని బట్టి ఏదీ తేల్చకూడదు, నిజమే. కానీ ఇంట్లోనూ, వీధిలోనూ, బడిలోనూ ఇలాగే ఉంటే ఈ నెలలోనే పిల్లల డాక్టరుకు చూపించండి. వినికిడి పరీక్షతో మొదలుపెడతారు. ప్రభుత్వం 2013లో ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో పిల్లల ఎదుగుదలను పరీక్షించే కేంద్రాలున్నాయి, అక్కడ డబ్బు కట్టక్కర్లేదు. ఐదేళ్ళ లోపు మొదలైన శిక్షణ ఇచ్చే ఫలితం వేరు. మీ పెంపకంలో తప్పు జరిగిందని ఎవరైనా అంటే పట్టించుకోకండి, అది నిజం కాదు. ఆలస్యం మాత్రం చేయకండి.

జూ నుంచి ఇంటికొచ్చే దారిలో "ఏమేం చూశావు, చెప్పు, చెప్పు" అని పరీక్ష పెట్టకండి. పిల్లలు ఆ రోజు చెప్పరు. అలసిపోయి ఒళ్ళో నిద్రపోతారు. రెండు మూడు రోజులు పోయాక ఆటలో చెబుతారు. మంచం కింద పులి చేరుతుంది. బొమ్మలన్నీ స్టూలు కింద బోనులో పడతాయి. ఒక ఇంట్లో పాప నానమ్మను బాల్కనీలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, గ్రిల్లు సందులోంచి బిస్కెట్లు అందించడం మొదలుపెట్టిందట. పైగా, "జంతువులకు తిండి పెట్టకూడదు, నేను జూ ఆఫీసర్‌ని కాబట్టి పెట్టొచ్చు" అంటోందట. ఇదెక్కడి చోద్యం, పెద్దావిడను బోనులో పెట్టడమేమిటని ఇంట్లోవాళ్ళు కలవరపడ్డారు. వద్దని ఆపకండి అన్నాను. ఆ పాప గుర్తున్న కాలమంతా తాళం వేసేదీ తీసేదీ పెద్దవాళ్ళే. బయటికి ఎప్పుడు వెళ్ళొచ్చో చెప్పిందీ పెద్దవాళ్ళే. ఇప్పుడు ఆటలోనైనా గడియ తన చేతికి వచ్చింది. లోపలున్నవాళ్ళకు ఆకలేస్తుందని తనే కనిపెట్టి చూసుకుంటోంది. నానమ్మకు ఓపికుంటే కాసేపు గర్జించమనండి. గడియ ఎప్పుడు తీయాలో పాపకు తెలుసు. తీశాక, మళ్ళీ జూకి ఎప్పుడు వెళ్దామని అడుగుతుంది. సోమవారం నెహ్రూ జూకి సెలవు, ఆ రోజు తప్ప మన వీలును బట్టి వెళ్దామని చెప్పండి. ఈసారి ఎవర్ని చూడాలో పాపనే ఎంచుకోమనండి.